కూత వినగానే కిందికి రావలెను

మా భవన నివాసుల సంక్షేమ సంఘం తరఫున ఇరుగుపొరుగు వీధుల వారికి ముందుగా ఒక మనవి. పొద్దున పూటా సాయంత్రం పూటా మా భవనంలోని మగవాళ్లందరూ ఎక్కడి పని అక్కడ వదిలేసి, బిలబిలమంటూ మెట్లు దిగి, గేటు బయట తెల్లగీత వెంబడి చేతులు కట్టుకుని నిలబడటం మీరు చూసే ఉంటారు. ఎవరింట్లోనో నిప్పంటుకుందనుకుని కొందరు బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. భూకంపమేమోనని ఇంకొందరు తమ ఇళ్లు కూడా ఖాళీ చేసి వచ్చి మా పక్కన నిలబడ్డారు. వారి సహృదయానికి కృతజ్ఞతలు. కంగారు పడవలసినదేమీ లేదు. మేము వంట నేర్చుకుంటున్నాం.

కుక్కరులో వంట. ప్రస్తుతానికి అన్నం, పప్పు దాకా వచ్చాం.

ఇంత గొప్ప మార్పుకు మూలపురుషుడు మూడో అంతస్తులోని ఇన్‌స్పెక్టరు గారు. పోలీసు కాదు, బాయిలర్ల ఇన్‌స్పెక్టరు. ఫ్యాక్టరీల్లో ఆవిరి పుట్టించే భారీ ఇనుప పీపాలను తనిఖీ చేసి, ఇది పేలదు అని సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చెవి ఆనించారంటే ఏ రేకు అరిగిందో, ఏ అతుకు వదులైందో చెప్పేస్తారు. ఆయన తల అడ్డంగా ఊపితే ఫ్యాక్టరీ ఆగిపోతుంది, నిలువుగా ఊపితే నడుస్తుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ ముందే గెలిచి ఉన్నారు కనుక ఇంటికి తొందరేమీ లేదనుకున్నారు. తన సొంత వంటింట్లో, పొయ్యి మీద, రోజూ ఆవిరి మీద నడిచే ఆ బుల్లి బాయిలరు జోలికి ఆయన ఏనాడూ పోలేదు. దానిమీద తనిఖీ అధికారం తనకు ప్రభుత్వం ఇవ్వలేదనేవారు. పద్ధతి గల మనిషి.

ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. ఆపరేషన్ గదిలో పని. డాక్టరు చెయ్యి చాపేలోగానే ఏ కత్తెర కావాలో అది ఆ చేతిలో ఉంటుందని చెప్పుకుంటారు. భవనంలో అందరమూ నర్సమ్మ గారు అంటాం. పోయిన వేసవిలో ఆసుపత్రి వాళ్లు ఆవిడను దూర పట్నంలో ఆరు నెలల శిక్షణకు ఎంపిక చేశారు. వెళ్లొస్తే ఆపరేషన్ విభాగం మొత్తానికి ఆవిడే పెద్ద. ఆవిడ ఈ అవకాశం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. రెండుసార్లు చేతిదాకా వచ్చి తప్పిపోయింది. ఈసారి కాదంటే ఇంక పిలవరు. ఇందులో నవ్వడానికేమీ లేదు గనక త్వరగా చెప్పేస్తాను: ఆవిడకు వెళ్లాలని ఉంది. చాలా ఉంది.

ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు గారైతే సంతోషంగా అనుమతి మంజూరు చేశారు.

"నిక్షేపంగా వెళ్లిరా. ఇక్కడ అన్నీ నేను చూసుకుంటాను. ఒక్క అన్నం సంగతి ఏం ఏర్పాటు చేశావో అది చెప్పు చాలు" అన్నారు.

"ఏమీ చెయ్యలేదండీ. మీరు నేర్చుకోండి" అన్నారు నర్సమ్మ గారు.

చిక్కంతా ఇన్‌స్పెక్టరు గారి అమ్మగారి దగ్గర వచ్చింది. ఆ పెద్దావిడకు పళ్లు లేవు, బయటి తిండి పడదు. మెత్తగా ఉడికిన అన్నమూ పప్పూ తప్ప కడుపు దేన్నీ రానివ్వదు. మోకాళ్లు పొయ్యి దగ్గర నిలబడనివ్వవు. నోరు మాత్రం పూర్తి ఆరోగ్యంగా ఉంది. అందుకని నర్సమ్మ గారు ఒకే ఒక్క షరతు పెట్టారు. తాను బండెక్కేలోగా మొగుడు ఒక్కపూట తన చేత్తో వండి అత్తగారికి పెట్టాలి. పెడితే నిశ్చింతగా వెళతారు. లేకపోతే రాలేనని ఆసుపత్రికి చెప్పేసి, ఎప్పటిలాగే పొద్దున్నే లేచి కుక్కరు పెడతారు. చూశారా, ఒక మనిషి పదోన్నతి మొత్తం గుప్పెడు బియ్యం మీద ఆధారపడింది.

మొదటి పాఠం ఒక ఆదివారం జరిగింది. బియ్యం ఇంత, నీళ్లు ఇంత, మూత ఇలా, మూత మీద బరువు ఇలా, మూడు విజిల్స్ రాగానే స్టవ్వు కట్టెయ్యండి అని చెప్పి నర్సమ్మ గారు డ్యూటీకి వెళ్లిపోయారు. ఇన్‌స్పెక్టరు గారు ముందుగా కుక్కరును బల్లమీద పెట్టి సుత్తితో తనిఖీ చేశారు. రెండు చోట్ల సొట్ట పడింది. పరికరం దృఢత్వం సంతృప్తికరమని నిర్ణయించుకుని, పొయ్యి వెలిగించి, చేతులు వెనక్కి కట్టుకుని, నిబంధనల ప్రకారం ఉండవలసినంత దూరంలో నిలబడ్డారు. ఆ దూరం లెక్క ప్రకారం హాల్లోకి వచ్చింది.

కాసేపటికి కుక్కరు కూసింది.

ఇక్కడ ఆయన వృత్తి గురించి ఒక ముక్క చెప్పాలి. బాయిలరు మీద మూత లేచి ఆవిరి కూసిందంటే లోపలి ఒత్తిడి హద్దు దాటిందని అర్థం. అప్పుడు మొదట మనుషుల్ని బయటికి పంపాలి, కారణం తర్వాత వెతకాలి. ఊరూరా ఫ్యాక్టరీల్లో ఆయన గొంతు పోయేలా చెప్పే పాఠం ఇదే. మరి ఇన్నేళ్ల కాపురంలో కుక్కరు కూత ఎప్పుడూ వినలేదా అని మీరడగవచ్చు. విన్నారు. కానీ అది వంటింట్లోంచి వచ్చేది. వంటింటి శబ్దాలు ఆయన పరిధిలోకి రావు. ఇప్పుడు ఆ పరికరానికి ఆయనే బాధ్యులు.

కనుక ఆయన భవనం ఖాళీ చేయించారు. తలుపు తలుపూ బాదారు. స్నానం చేస్తున్నవాళ్లు తువ్వాళ్లతో వచ్చారు. మొదటి అంతస్తులో క్షౌరం చేసుకుంటున్న బ్యాంకు గుమాస్తా సగం గడ్డంతో వచ్చాడు. పెద్దావిడను కుర్చీతో సహా నేనూ ఆయనా మోసుకొచ్చాం. దారి పొడుగునా ఆవిడ "ఒరేయ్, అది కుక్కర్రా, కుక్కరు" అంటూనే ఉన్నారు గాని, ఆపద సమయంలో వృద్ధుల మాటలు వింటూ కూర్చుంటే పనులు కావు.

అందరం వీధిలో చేరాక చూసుకుంటే మా ఆవిడ ఒక్కతే లేదు. ఆ సమయంలో డాబా మీద బట్టలు ఆరేస్తోందట. మెట్లు దిగి వస్తూ, మూడో అంతస్తులో తలుపు బార్లా తీసి ఉండటమూ, లోపల కుక్కరు కూస్తూ ఉండటమూ చూసి, వెళ్లి పొయ్యి కట్టేసి, తన దారిన తాను ఇంటికి పోయింది. ఈ చిన్న విషయానికి అప్పట్లో ఎవరూ ప్రాధాన్యం ఇవ్వలేదు.

ప్రమాదం తప్పిందని నిర్ధారించుకుని పైకి వెళ్లి మూత తీస్తే అన్నం మల్లెపువ్వులా ఉంది. పెద్దావిడ తిని, మెత్తగానే ఉందన్నారు. ఇన్‌స్పెక్టరు గారి కళ్లు చెమర్చాయి. ఆయన శాస్త్రీయ దృక్పథం గల మనిషి కనుక జరిగినదాన్ని జరిగినట్టు చూశారు. బియ్యం పోశారు, పొయ్యి వెలిగించారు, కూత పడగానే వీధిలోకి వచ్చారు, వెళ్లి చూస్తే అన్నం ఉడికి ఉంది. మర్నాడు పప్పు పెట్టి మళ్లీ వీధిలోకి వచ్చారు. మళ్లీ ఉడికింది. మెతుకు పట్టి చూసినా సరే, గింజ నలిపి చూసినా సరే, పద్ధతిలో లోపం ఎవరికీ కనపడలేదు.

మొదటి పాఠం నాటి సాయంత్రమే నర్సమ్మ గారు ఇంటికి వచ్చి కుక్కరు చూశారు, సొట్టలు చూశారు, మొగుడి ముఖం చూశారు.

"స్టవ్వు మీరే కట్టారా?" అనడిగారు.

"కట్టబడింది" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఎవరు కట్టారండీ?"

"సంబంధిత సిబ్బంది."

ఆవిడ అక్కడినుంచి నేరుగా మెట్లు దిగారు. కింద మా ఇంటికి వచ్చి మా ఆవిడతో చాలాసేపు మాట్లాడి వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అది కూడా వంటింట్లోనే జరిగింది.

ఇంతలో ఈ విజయం మా సంఘం అధ్యక్షుల వారి చెవిన పడింది. ఆయనకు బజార్లో కుర్చీలు, బల్లలు అమ్మే దుకాణం ఉంది. దానితోపాటు సొంతంగా ఒక మైకు ఉంది. లిఫ్టు పాడైందని చెప్పడానికైనా మైకే వాడతారు. అందుకని చాటున మైకు గారు అంటాం. ఆయన వెంటనే అత్యవసర సర్వసభ్య సమావేశం పిలిచి మైకు అందుకున్నారు.

"సోదరులారా, ఈ రోజు మన భవన చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగిన రోజు. వంట ఆడవాళ్ల పని అన్న సంకుచిత భావాన్ని మనం ఈ కాళ్లతో, మెట్లు దిగిన ఈ కాళ్లతో తొక్కి పారేశాం. తరతరాలుగా వంటింటి బరువంతా మన అక్కచెల్లెళ్లే మోశారు. ఇక మోయనక్కర్లేదు. మనం నేర్చుకునేదాకా మోస్తే చాలు."

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. ఆ ఊపులోనే తీర్మానం నెగ్గింది. దాని ప్రకారం ఏ ఇంట్లో కుక్కరు కూసినా పురుష సభ్యులందరూ కిందికి రావాలి. స్త్రీలను అత్యవసర సిబ్బందిగా గుర్తించారు కనుక, వారు మాత్రం తమ తమ స్థానాల్లోనే ఉండి అవసరమైన చర్యలు తీసుకోవాలి. వెనక వరసలోంచి మా ఆవిడ లేచింది.

"పేలేదే అయితే మేం మాత్రం పోమా అండీ?"

"మీరు అనుభవజ్ఞులమ్మా. మీరుండగా అది పేలదు" అన్నారు మైకు గారు, ఎంతో గౌరవంగా.

అప్పటినుంచి భవనంలో వంట వెల్లివిరిసింది. జీవితంలో మంచినీళ్ల గ్లాసు కడిగి ఎరగని వాళ్లు కూడా పొయ్యి వెలిగించి వీధిలోకి పరుగెత్తారు. గేటు బయట తెల్లగీత గీశాం. ఎండకు రేకు వేశాం. మైకు గారు తన దుకాణంలో అమ్ముడుపోని బల్లలు సంఘానికి అమ్మారు. కింద నిలబడిన వారికి నీరసం రాకుండా టీ పైనుంచి పంపవలసిందిగా సిబ్బందికి విజ్ఞప్తి చేశాం. టీ చల్లారిపోతోందని ఫిర్యాదులు రాగా ఫ్లాస్కులు కొన్నాం. గీత దగ్గర వంట చర్చలు బ్రహ్మాండంగా సాగేవి. పప్పులో ఉప్పు ముందు వెయ్యాలా, తర్వాత వెయ్యాలా అనే విషయంలో బ్యాంకు గుమాస్తాకూ రెండో అంతస్తులోని కాంట్రాక్టరుకూ మాటలు పడిపోయాయి. ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ ఉప్పు వేసినవాళ్లు కారు. సగం గడ్డం గుమాస్తా అయితే ఈ గొడవలో పడి మిగతా సగం గీసుకోవడం మరిచిపోయి అలాగే ఆఫీసుకు వెళ్లొచ్చేవాడు. ఊళ్లోని పత్రిక విలేకరి వచ్చి మమ్మల్ని ఫోటో తీసుకెళ్లాడు. వంటింట్లో పురుషుల ప్రభంజనం అని దాని కింద రాశారు. ఫోటోలో మా వెనక గేటూ, కరెంటు స్తంభమూ, ఒక కుక్కా చక్కగా పడ్డాయి.

ఇన్‌స్పెక్టరు గారికి సంఘం వారు వంటల విశారద అనే బిరుదిచ్చారు. ఆయన ముఖంలో సంతోషం లేకపోలేదు గాని, ఒకటి రెండుసార్లు గీత దగ్గర నిలబడి తన వంటింటి కిటికీ కేసి అదోలా చూస్తుండటం నేను గమనించాను. ఎంతైనా తనిఖీ చేసే కన్ను కదా.

నర్సమ్మ గారు బండెక్కవలసిన రోజు రానే వచ్చింది. ఆ రోజునే బహిరంగ ప్రదర్శన పెట్టారు మైకు గారు. భవనం ఆవరణలో బల్ల వేసి, దానిమీద పొయ్యి, పొయ్యి మీద కుక్కరు, వెనక పెద్ద బట్ట మీద మా సంఘం పేరూ మైకు గారి బొమ్మా. ఇన్‌స్పెక్టరు గారు పప్పు వండి తల్లికి పెడతారు, ఆ గిన్నె ఖాళీ కాగానే నర్సమ్మ గారు బయల్దేరతారు, అదీ కార్యక్రమం. గేటు దగ్గర అద్దె బండి వచ్చి నిలబడింది. ఆవిడ పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని మొదటి వరుసలో కూర్చున్నారు. పక్కన కుర్చీలో అత్తగారు. వెనక ఆడవాళ్లందరూ. కుర్చీలు బల్లకు మరీ దగ్గరగా వేశారని, కార్యక్రమం మొదలవకముందే నర్సమ్మ గారు లేచి అన్నిటినీ మెట్ల కిందికి జరిపించారు. అప్పుడే మాకు అనుమానం రావలసింది.

ఇన్‌స్పెక్టరు గారు పాత్ర సామర్థ్యం వృథా కాకూడదని పప్పూ నీళ్లూ అంచుదాకా నింపారు. మూత బిగించారు. పొయ్యి వెలిగించారు. మైకు గారు మానవ నాగరికతలో నిప్పు పాత్ర గురించి మాట్లాడుతుండగా కూత పడింది.

నిబంధన ప్రకారం పురుష సభ్యులందరమూ క్షణంలో గీత మీద ఉన్నాం. అంత క్రమశిక్షణగా ఆవరణ ఖాళీ అవడం చూసి అద్దె బండి డ్రైవరు కూడా దిగి వచ్చి మా వరుసలో నిలబడ్డాడు.

రెండో కూత పడింది. మూడోది పడింది. ఆడవాళ్లు కదల్లేదు.

మైకు తీగ పొడుగైనది కావడం మంచిదైంది. గేటు అవతలి నుంచే అధ్యక్షుల వారు ప్రకటన చేశారు. "అత్యవసర సిబ్బంది వెంటనే తమ విధులకు హాజరు కావలసిందిగా కోరుతున్నాం." సిబ్బంది అంతా కుర్చీల్లో వెనక్కి వాలారు. మా ఆవిడ చేతిసంచీలోంచి బఠాణీల పొట్లం తీసి పక్కవాళ్లకు పంచింది. ప్రకటన మళ్లీ చదివారు. ఈసారి దయచేసి అని చేర్చారు.

నాలుగో కూతకు నర్సమ్మ గారి చెయ్యి దానంతటదే లేచింది. నేను స్పష్టంగా చూశాను. ఏళ్ల అలవాటు మరి, కూత వింటే చెయ్యి పొయ్యి వైపు పోతుంది. ఆవిడ సగం లేచి నిలబడ్డారు. మా ప్రాణాలు లేచొచ్చాయి. పెద్దావిడ ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగారు.

"కూర్చోవే తల్లీ. ఇప్పుడు లేచావంటే నీకు దొరికేది ఈ ఉద్యోగమే, ఆ పట్నంలోది కాదు."

ఆవిడ కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. పెట్టె పిడి మీద ఆవిడ వేళ్లు తెల్లబడిపోవడం అంత దూరానికీ కనిపించింది.

ఆ తర్వాత కూతలు ఆగిపోయాయి. దారిన పడింది అని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఒక్క ఇన్‌స్పెక్టరు గారి ముఖం మాత్రం పాలిపోయింది. పప్పు పొంగి కూత గొట్టానికి అడ్డం పడిందనీ, ఆవిరికి ఇక దారి లేదనీ మా అందరిలో ఆయనకొక్కరికే తెలుసు. తెలిసి ఆయన ఒక అడుగు గీత దాటి లోపలికి వేశారు. మైకు గారు చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, నిబంధన గుర్తుచేశారు.

మూతలో ఉండే చిన్న రక్షణ బిరడా ఢామ్మని ఊడింది. పప్పు నిలువునా లేచి, మూడో అంతస్తు దాకా వెళ్లి, కాసేపు ఆలోచించి, తిరిగి వచ్చింది. బట్ట మీది మైకు గారి బొమ్మ ముక్కూ మూతీ పసుపుపచ్చగా మారాయి. ఎవరికీ ఏమీ కాలేదు. మెట్ల కింద కూర్చున్నవాళ్ల మీద చుక్క పడలేదు. మేమైతే వీధిలోనే ఉన్నాం.

నర్సమ్మ గారు లేచి పెట్టె పట్టుకుని గేటు దాకా వచ్చారు. మొగుడి ముందు ఆగారు.

"చెప్పండి. వెళ్లనా, మాననా?"

ఇన్‌స్పెక్టరు గారు నోరు తెరిచారు. ఫ్యాక్టరీలు ఆపగల ఆ తల అడ్డంగానూ ఊగలేదు, నిలువుగానూ ఊగలేదు. వెనక నుంచి పెద్దావిడ కేకేశారు.

"వాణ్ణి అడుగుతావేమిటే? వెళ్లు. బ్రెడ్డు ముక్క పాలల్లో నానబెట్టుకుంటాను. వీడు నేర్చుకునేదాకా నాకేం తొందర లేదు."

బండి కదిలింది. ఆవిడ వెనక్కి తిరిగి చూశారేమో నాకు తెలియదు. ఆ సమయంలో మేమంతా బట్ట తుడిచే పనిలో ఉన్నాం.

జరిగినదానిపై మైకు గారి అధ్యక్షతన విచారణ సంఘం వేశాం. కుక్కరు సక్రమంగా పనిచేసిందనీ, నిబంధనలు సక్రమంగా ఉన్నాయనీ, పురుష సభ్యులు ఆదర్శప్రాయంగా ప్రవర్తించారనీ, సిబ్బంది విధులకు గైర్హాజరు కావడమే దుర్ఘటనకు ఏకైక కారణమనీ సంఘం తేల్చింది. భవిష్యత్తులో ఇలాంటివి జరగకుండా తెల్లగీతను రోడ్డుకు అవతలి పక్కకు మార్చాలని సిఫారసు చేసింది. మార్చాం. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు మేము. చేతులే పెట్టం.

మూడో అంతస్తులో పొద్దునా సాయంత్రమూ పాలూ బ్రెడ్డూ నడిచాయి. పెద్దావిడ రోజురోజుకూ చిక్కిపోయారు. ఒక సాయంత్రం కుశలమడగడానికి వెళ్లినప్పుడు నా ముందే గిన్నె పక్కకు నెట్టేసి కొడుకు వైపు తిరిగారు.

"ఇంక దిగట్లేదురా. ఒరేయ్, ఒక మాట చెప్పు. మీ ఫ్యాక్టరీలో బాయిలరు కూసిందనుకో. అందరూ బయటికి పోతారా?"

"పోతారమ్మా."

"అందరూనా?"

ఇన్‌స్పెక్టరు గారు ఆవిడ నెట్టేసిన గిన్నె చేతిలోకి తీసుకున్నారు. "అందరూ కాదు. దాన్ని చూసుకునే మనిషి ఒకడుంటాడు. వాడు మాత్రం కదలకూడదు. వాడే మంట ఆపాలి. వాడు లేకుండా బాయిలరు వెలిగిస్తే నేనే కేసు రాస్తాను."

"మరి మనింట్లో ఆ మనిషెవరురా?"

ఆయన గిన్నె పట్టుకుని వెళ్లి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేనూ టీ తాగకుండానే వచ్చేశాను. అడిగినా ఇచ్చేవాళ్లు లేరక్కడ.

మర్నాడు సాయంత్రం మామూలుగానే కూత పడింది, మామూలుగానే అందరం రోడ్డు దాటి గీత మీద చేరాం. తలలు లెక్కపెడితే ఒకటి తక్కువైంది. పైకి చూశాం. మూడో అంతస్తు వంటింటి కిటికీలో ఇన్‌స్పెక్టరు గారు నిలబడి ఉన్నారు. హాల్లో కాదు, పొయ్యి పక్కన. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. కూసింది ఆయన కుక్కరే.

"దిగి రండి సార్, దిగి రండి" అని మైకులో అరిచారు అధ్యక్షుల వారు. ఆయన వినిపించుకోలేదు. రెండో కూతకు కళ్లు గట్టిగా మూసుకున్నారు గాని కాళ్లు కదల్లేదు. మూడో కూత పడింది. ఆయన చెయ్యి ముందుకు పోయింది.

తర్వాత నిశ్శబ్దం. పొయ్యి ఎవరో కట్టేశారు. ఆ ఇంట్లో ఆయనా, మంచం మీద వాళ్లమ్మా తప్ప మూడో మనిషి లేరు. వీధిలో మాకు గుండె ఆగినంత పనైంది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అదే రాత్రి సంఘం సమావేశమై, భద్రతా నిబంధనల ఘోర ఉల్లంఘన, సిబ్బంది విధుల్లో అక్రమ జోక్యం అనే నేరాల కింద ఇన్‌స్పెక్టరు గారిని సభ్యత్వం నుంచి తొలగించి, వంటల విశారద బిరుదు వెనక్కి తీసుకుంది. వంటతో ఏ సంబంధమూ లేని వ్యక్తిగా ఆయన్ను ప్రకటించింది. ఈ నిర్ణయం తెలియజేయడానికి నన్నే పంపారు. తలుపు తీసే ఉంది. ఆయన తల్లికి అన్నం కలిపి ముద్దలు పెడుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడుతున్నారు.

"మెత్తగానే ఉందట. అడుగు కొంచెం మాడింది... లేదు లేదు, ఎవరూ రాలేదు... అవును. నేనే కట్టాను." కాసేపు అవతలి మాట విన్నారు. "ఏడుస్తావేమిటే? అన్నమే కదా."

అంటూ ఆయన ఇంకో ముద్ద కలిపారు. తీర్మానం తర్వాత చెబుదామని వెనక్కి వచ్చేశాను.

ఇలాంటి పనుల వల్ల సమాజానికి ఎంత నష్టమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అప్పటినుంచి భవనంలో సిబ్బంది పద్ధతి మారింది. టీ ఫ్లాస్కులు రావడం ఆగిపోయింది. ఆయన కట్టగా లేనిది మీరు కడితే ఏం పోతుందని ఇంటింటా అడుగుతున్నారు. మా ఆవిడ కూడా నిన్న ఏదో కుట్టుపని శిక్షణ అనీ, సాయంత్రాలు ఉండననీ, కుక్కరు పెట్టి వెళతాననీ చెప్పింది. నేను విన్నాను. సరే అన్నట్టు తల కూడా ఊపానట.

ఈ నివేదిక రోడ్డవతల గీత పక్కన బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మా ఇంట్లో ఇందాక మూడో కూత అయింది. తర్వాత ఇంకొన్ని అయ్యాయి. ఇప్పుడే ఆగిపోయాయి. ఎవరో ఒకరు వెళ్లి కట్టేసే ఉంటారు. ఎప్పుడూ కట్టేస్తారు కదా.

పాఠక మహాశయా, మీరు మాత్రం? మధ్యలో లేవకుండా ఇంత తీరిగ్గా చివరిదాకా చదివారంటే మీ ఇంట్లోనూ పొయ్యి దగ్గర ఎవరో ఉన్నారన్నమాట. మొహమాట పడకండి, ఇలా రండి. గీత మీద చోటుంది, మేం కాస్త జరుగుతాం.